నలిగిన చెవులు

మా ముత్తాత బాగేపల్లి సీమలో ఒక పాళెగారి కొలువు వస్తాదు. మా తాత నంది ఊరి తేరు తిరునాళ్ళకు పోతే కుస్తీ బరిలో ఉన్నవాళ్ళు లేచి నిలబడేవారు. చింతామణిలో కుస్తీ నేర్పే మా గరిడీ మట్టి పూసుకోని మొనగాడు ఆ చుట్టుపక్కల లేడు. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నది చెబుతున్నాను.

మా ఇంట్లో నలిగిన చెవికి ఒక మర్యాద ఉండేది. కుస్తీలో చెవి వాచితే మందు వేసేవారు కాదు. అది అట్లాగే ముద్దకట్టి గట్టిపడాలి. నాకు వాచినప్పుడు ఆసుపత్రి కాంపౌండరు నీరు తీస్తానని వచ్చాడు. నాయన అతన్ని గడప ఎక్కనివ్వలేదు.

"మా నాయన చెవులు వచ్చినాయి వీనికి. చెడగొట్టొద్దప్పా" అన్నాడు.

చెవి రంధ్రాలు మూసుకుపోయి వినికిడి మందగించింది. అదీ గౌరవమే అనుకున్నాం.

యుద్ధం వచ్చేనాటికి పాళెగారిచ్చిన మాన్యం పోయి గరిడీ ఒక్కటే మిగిలింది. నేను సైన్యంలో చేరితే ఆ జీతంతో దాన్ని నిలుపుకోవచ్చునని నాయన ఆశ. చిక్కబళ్ళాపురంలో మనుషులను ఎంచుతున్నారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. నా ఛాతీ చూసి దొర డాక్టరు మెచ్చుకోలుగా తల ఊపాడు. తర్వాత నా వెనక నిలబడి మెల్లగా ఏదో అడిగాడట. నేను పలకలేదు.

"దొర అడుగుతాండాడు, పలకవేమప్పా?" అని గుమాస్తా అరిచాడు.

"అడిగినాడా?" అన్నాను.

వరుసలో ఒకడు పకపకా నవ్వాడు. "గోడనడిగినా ఈపాటికి పలికుండు!"

డాక్టరు ఒక్కటే మాట అన్నాడు, "అన్‌ఫిట్." గుమాస్తా దానికి అర్థం చెప్పి పంపాడు.

బయట నాయన ఎదురొచ్చాడు. "ఏమన్యారు రా?"

"అన్‌ఫిట్ అంట నాయనా. పనికిరానంట."

"నువ్వు పనికిరావా? వాణ్ణి మట్టిలోకి దిగమను, తెలుస్తాది!"

కండువా దులిపి భుజాన వేసుకొని చింతామణి దారి పట్టాడు.

చాలా ఏళ్ళకు ఆ మాటను నిఘంటువులో వెతికాను. ఫిట్ అంటే మొదట తగినది, పనికి సరిపడినది అనే అర్థమట. అది ఎక్కడ పుట్టిందో పండితులకే నిశ్చయం లేదు. పందెపు గుర్రాలవాళ్ళు, ఆటగాళ్ళు వాడగా వాడగా ఒంటి పటుత్వానికి పేరైందట. ఆ డాక్టరు నా బలాన్ని కాదనలేదు. ఆజ్ఞ వినబడనివాడు సైన్యానికి తగడన్నాడు, అంతే. ఈ మాట చెబుదామంటే అప్పటికి నాయన లేడు. కొడుకు కండను ఎవడో హేళన చేశాడనే బాధతోనే పోయాడు.

గరిడీ స్థలాన్ని నన్ను అన్‌ఫిట్ అన్న ఏడే పట్టుగూళ్ళ వ్యాపారికి అమ్మేశాం. గదలు, రాతిగుండ్లు కూడా దాంతోనే పోయాయి.