బంద్ రోజు కుర్చీ

నేను పుట్టుకతోనే అనుమానపు మనిషిని. ఎవరైనా రెండుసార్లు టీ తాగమన్నారంటే, మూడోసారి ఏమడుగుతారోనని చూస్తాను. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో క్యాంపస్ హాస్టల్లో ఉండేవాడిని కాబట్టి ఆ గుణం ఇంకా ముదిరింది. మెస్‌లో కొత్త ముఖం కనిపిస్తే మఫ్టీ పోలీసేమోనని అందరం మాటలు ఆపేసేవాళ్లం.

అలాంటివాడిని పోయి పోయి తార్నాకలో ఉండే నా క్లాస్‌మేట్‌ను ప్రేమించాను. వాళ్లది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తండ్రి బ్యాంకు ఉద్యోగి, నెమ్మదైన మనిషి. మామూలు రోజుల్లో నేను పుస్తకం ఇవ్వడానికి వెళ్తే ఆయన గేటు దగ్గరే అందుకుని, మంచిది బాబూ అని పంపించేసేవారు. బంద్ రోజు మాత్రం ఆమె ఫోన్ చేసేది. నాన్నగారు కాఫీకి రమ్మంటున్నారని చెప్పేది. నేను ఎగురుకుంటూ నడిచి వెళ్లేవాడిని.

వరండాలో నాకోసం ఒక కుర్చీ వేసి ఉండేది. స్టీలు గ్లాసులో కాఫీ, పక్కన జంతికలు. కాసేపటికి మావాళ్ల ఊరేగింపు షాపులు మూయిస్తూ ఆ వీధిలోకి వచ్చేది. ఎవడో ఒకడు నన్ను గుర్తుపట్టి, గీడున్నవేందన్నా అని పలకరించేవాడు. నేను చెయ్యి ఊపేవాడిని, ఊరేగింపు ముందుకు పోయేది. అప్పుడుగానీ ఆమె తండ్రి కాఫీ తాగేవారు కాదు. మొదట్లో ఇదంతా గౌరవమే అనుకున్నాను. ఒక బంద్ రోజు ఆయన, ఇక్కడ గాలి బాగా వస్తుంది బాబూ అంటూ నా కుర్చీని గేటు వైపు జరిపారు. చెట్టు మీద ఆకు కూడా కదలడం లేదు. కొత్తింటికి గుమ్మడికాయ కట్టినట్టు నన్ను కట్టారని అప్పుడర్థమైంది.

ఒళ్లు మండింది. అయితే ఆయన భయం నాకు తెలియనిది కాదు. మా ఊరేగింపుల్లో ఒక్కోసారి రాయి కూడా లేచేది, కాదనను. నన్ను తొలిచింది వేరే. ఫోన్ చేసేది ఆమె కదా. ప్రేమతో పిలుస్తోందా, ఇంటి కిటికీ అద్దాల కోసం పిలుస్తోందా? నా రూమ్మేట్‌తో చెప్పుకుంటే వాడు నవ్వలేదు.

"అయ్యకు తెలివున్నది, బిడ్డకు ఇంకింత ఎక్కువున్నది. జర పైలంగ ఉండు."

ఆమెనే అడిగేద్దామంటే, ఉన్నది కూడా ఊడుతుందేమోనని భయం.

అందుకే బంద్ లేని రోజు, ఎవరూ పిలవకుండా వెళ్లాను. బస్సులు తిరుగుతున్నాయి, షాపులన్నీ తెరిచి ఉన్నాయి. చేతిలో పుస్తకం కూడా పెట్టుకోలేదు. ఆయన గేటు దాకా వచ్చారు, గడియ తియ్యలేదు. వీధికి అటూ ఇటూ చూశారు.

"ఇవాళ బంద్ ఏం లేదు కదా, బాబూ?"

నా అనుమానం నిజమైనందుకు అవమానంగా ఉంది, కొంచెం గెలిచినట్టు కూడా ఉంది. వెనక్కి తిరగబోతుంటే ఆమె వరండాలోకి వచ్చింది.

"లేదు నాన్నా. అందుకే రమ్మన్నాను."

గడియ తనే తీసింది. వరండాలో కుర్చీ దగ్గర ఆగనివ్వకుండా లోపలికి తీసుకెళ్లి, వంటింటి పక్కన భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. వీధిలోంచి ఎవరికీ కనిపించని చోటు అది. ఆయన నా ఎదురుగా కూర్చుని పేపరు తెరిచారు, ఎంతసేపైనా పేజీ తిప్పలేదు. కాఫీ గ్లాసు నా ముందు పెట్టి ఆమె నా పక్కనే కూర్చుంది.

ఆమె నన్ను రమ్మనలేదు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.