నాన్న కోసం అడిగిన ప్రశ్న

మాది దెందులూరు దగ్గర పల్లె. నాన్నకి కొంత వరిచేను, ఓ చేపల చెరువు ఉండేవి. నన్ను ఏలూరులో కాన్వెంటు స్కూల్లో వేశారు.

ఆరో తరగతిలో బైబిలు పాఠం చెప్పే మాస్టారు ఎవరి ముఖమూ చూసేవారు కాదు. పుస్తకం మీంచి కళ్లెత్తకుండా చదువుకుంటూ పోయేవారు. ఒకరోజు అలాగే, హాజరు పిలిచినంత మామూలుగా, యేసుని నమ్మనివాళ్లు పోయాక ఆరని మంటలో పడతారని చెప్పి, బెల్లు కొట్టగానే వెళ్లిపోయారు.

మా నాన్న రోజూ పొద్దున్నే వెంకటేశ్వరస్వామి పటానికి దణ్ణం పెట్టుకుని చెరువుకి వెళ్లేవారు. ఆయనకి ఈత అంతంతమాత్రం. ఆదివారాలు నేనూ వెంట వెళ్లేదాన్ని. ఆయన దోనె మీద నిలబడి నీళ్లలో పాతిన కర్రలకి చేపల మేత సంచులు కడుతుంటే గట్టు మీంచి కళ్లు తిప్పకుండా చూసేదాన్ని. మునిగిపోతే, పోయి ఆ మంటలో పడతారేమోనని.

అమ్మకి చెప్తే స్కూలు మానిపిస్తుంది. మాస్టారిని అడిగితే ఏం చెప్తారో తెలుసు. అన్నం సయించేది కాదు. సాయంత్రం నాన్న మోటారు సైకిల్ చప్పుడు వినపడేదాకా వీధరుగు మీదే కూర్చునేదాన్ని.

దసరా సెలవులయ్యాక ఆ మాస్టారి బదులు ఒక టీచరుగారు వచ్చారు. పాఠం మొదలుపెట్టకుండా బెంచీల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరినీ పలకరించారు. నా దగ్గరకొచ్చి, "నాన్నగారేం చేస్తారమ్మా?" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ నా భుజం తట్టి ముందుకెళ్లారు. క్లాసయ్యాక వరండాలో పక్కన కూర్చోబెట్టుకుని, నేను నోరు విప్పేదాకా ఊరికే కూర్చున్నారు. మాస్టారు చెప్పిన మాట, చెరువు, దోనె అన్నీ చెప్పి అడిగాను.

"మా నాన్న మంటల్లో పడతారా అండీ?"

ఆవిడ చేతిలో పుస్తకం పక్కన పెట్టారు.

"మా నాన్న కూడా యేసుని నమ్మలేదమ్మా, చర్చిలోకి వచ్చేవారు కాదు. ప్రతి ఆదివారం నన్ను సైకిలు మీద దింపి, ప్రార్థన అయ్యేదాకా బయట నిలబడేవారు. ఆయన పోయినప్పుడు నాకూ ఈ భయమే పట్టుకుంది. ఎవరు ఎక్కడికెళ్తారో చెప్పే పని దేవుడు నాకివ్వలేదు. మీ నాన్న మీద నీకున్నంత ప్రేమ దేవుడికి ఉండదా?"

భయం పోలేదు సరికదా, ఇంకోటి తోడయింది. పేరెంట్స్ మీటింగులో ఈవిడ నాన్నతో మతం సంగతి ఎత్తుతారేమో, నేనడిగింది చెప్పేస్తారేమో. ఆ రోజు నాన్న నుదుట బొట్టుతోనే వచ్చారు. తుడుచుకోమని నోటిదాకా వచ్చింది. ఈలోగా టీచరుగారు లేచి నమస్కారం పెట్టారు.

"రండి, కూర్చోండి. వానలకి చెరువు గట్లు ఆగాయాండీ?"

"ఏదో ఆగాయండీ. కొల్లేరు నీళ్లు ఎగదన్ని వస్తే మాత్రం మన చేతిలో ఉండదు."

"పాప మీ గురించి బెంగపడుతోందండీ. దోనె ఎక్కేటప్పుడు ఎవరినైనా తోడుంచుకోండి."

నాన్న నాకేసి చూసి, "అలాగేనండీ" అన్నారు. మర్నాటి నుంచి బాబాయిని వెంట తీసుకెళ్లారు. నేను మళ్లీ సరిగ్గా తినడానికి మాత్రం క్రిస్మస్ దాటింది.

ఇప్పుడు నేనూ ఏలూరులోనే ఒక స్కూల్లో నీతిపాఠాలు చెప్తున్నాను. క్లాసులో అడుగుపెట్టే ముందు ఇప్పటికీ భయమేస్తుంది, నేనన్న ఏ మాట ఏ పిల్ల వెంట ఇంటికెళ్తుందోనని. అందుకే ముందు వాళ్ల ఇంటి కబుర్లు అడుగుతాను. పాఠం కాస్త వెనకబడుతుంది.