ఆఖరి గూటి వంతు

మా పశువుల డాక్టరు గారు ఇక లేరని మొన్న బిట్రగుంట నుంచి వచ్చిన మనిషి చెప్పాడు. అమ్మ అప్పుడు కుందేళ్ళ గూళ్ళు ఊడుస్తోంది. చీపురు వదిలేసి, "అయ్యో, నా తమ్ముడు పోయినాడే!" అని అక్కడే కూలబడింది. ఆయన మాకు చుట్టం కాదు, మా మతం కాదు. అయినా అమ్మ అన్న మాట నిజమే.

పదేళ్ళ కిందట, అంటే 1960ల మొదట్లో, నాన్నకు చూపు మందగించి కుట్టుమిషను మూలపడింది. బోగోలులో మా ఇంటి వెనక అమ్మ పెంచే కుందేళ్ళే మాకు ఆధారం. పిల్లలైతే పుట్టేవి గానీ ఎదిగేవి కావు. నూనె తీసేసిన వేరుశనగ చెక్క, గడ్డి ఎంత పెట్టినా పుల్లల్లాగే ఉండేవి. ఇక ఉన్నవి అమ్మేసి కూలికి పోవడమేనని అమ్మ తేల్చేసింది.

ఆ మాట విని డాక్టరు గారు సైకిలు గోడకానించి గూళ్ళ ముందు గొంతుక్కూర్చున్నారు. "తిండి తక్కువ కాలేదక్కా, తిండిలో ఒకటి తక్కువైంది. వల ఒక్కచోట చిరిగితే పడిన చేపంతా ఆడ్నించే పోదూ? మాంసకృత్తులూ అంతే" అన్నారు. వేరుశనగ చెక్కలో చాలినంత లేని ఆ ఒక్క అమినో ఆమ్లం పేరు మెథియోనిన్. నువ్వుల చెక్కలో అది దండిగా ఉంటుందట. కానీ నువ్వుల చెక్క ప్రియం, ఎంత పెడితే చాలో తేలాలి. అందుకని మొదటి గూటికి ఎక్కువ, నడిమి గూటికి కొంచెం పెట్టి, ఆఖరి గూటికి అసలు పెట్టవద్దన్నారు. వారం వారం వచ్చి తూచేవారు. "కుందేలికి నోరు లేదు, దాని తరఫున తక్కెడే చెప్పాల" అనేవారు.

తీరా చూస్తే మూడు గూళ్ళ పిల్లలూ ఒకటే తూగాయి.

"ఏందక్కా ఇది?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇద్దరు బిడ్డలకి పెట్టి ఒకరికి లేదంటే నాకు ముద్ద దిగుతుందా సార్? మీ సైకిలు మలుపు తిరగంగానే అంతా కలిపి మూడింటికీ సమానంగా పంచినాను."

ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే ఇల్లు మాది. అమ్మకు ఇంకోలా తోచదు మరి! ఆయన మండిపడతారని నేను బిక్కచచ్చి నిలబడ్డాను. ఆయనేమో పడీ పడీ నవ్వారు. "బాగుండాదక్కా! ఇప్పుడివి ఎదిగింది చెక్కతోనా, వానలకి మొలిచిన పచ్చగడ్డితోనా, ఎవుర్నడిగేది?" తర్వాత నెమ్మదిగా అన్నారు. "ముందు తూచుదాం, తర్వాత పంచుదాం. ఆఖరి గూటి వంతు ఎక్కడికీ పోదు. తూకాలన్నీ అయినాక మొదటి పిడికెడు దానికే. ఇది నా మాట."

కొత్త పిల్లలతో మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి అమ్మ ఆఖరి గూటికి గడ్డి వేసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది. నడిమి గూడు మొదటి గూటితో సమంగా ఎదిగింది, ఆఖరి గూటివి పుల్లల్లాగే ఉండిపోయాయి. అంతకు మించి పెట్టేది బూడిదలో పోసిన పన్నీరేనని తేలింది. ఆ రోజు మొదటి పిడికెడు ఆఖరి గూటికే, అమ్మ చేతే పెట్టించారు. అవీ తేరుకున్నాయి, మేమూ తేరుకున్నాం. అమ్మ కూలికి పోలేదు. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరలేదు.

కబురు వచ్చేనాటికి మా పెరట్లో ఇంకో పరీక్ష నడుస్తోంది. అవిసాకు ఎంత పెడితే చాలునో చూద్దామని ఆయనే మొదలుపెట్టి వెళ్ళారు. "ఇంకెవరి కోసమమ్మా, ఆఖరి దానికీ పెట్టేయ్" అన్నాను.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. "తూకం కాలేదు కదే" అంది.

నిన్నటితో తూకాలు అయిపోయాయి. నేను తక్కెడ దించుతుండగానే అమ్మ ఒడి నిండా అవిసాకు కోసుకొచ్చి, ముందుగా ఆఖరి గూటి తలుపు తీసింది. పిల్లలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ అమ్మ చేతి మీదికి ఎక్కేశాయి.