పెట్టె ఫోటోలో టీచరమ్మ ముఖం

కలకత్తా పక్కన మా లిలువా తెలుగువాళ్ళలో ఈ సంగతి ఎవరిని అడిగినా ఒకేలా చెబుతారు. మా ఆడపడుచు ఫోన్లో ఫోటో చూసిందట. చూసిన మరుక్షణం "చంపినవాడు వీడే" అని వేలు పెట్టిందట. ల్యాబువాళ్ళు వచ్చి ఏదో నీలం లైటు వేస్తే గోడ మీద చెయ్యి తేలిందట. అతను అందరి కాళ్ళ మీదా పడి ఏడ్చాడట. చెప్పేవాళ్ళ ఓపికను బట్టి మధ్యలో పాస్టరుగారి ఉపవాస ప్రార్థన కూడా వచ్చి కలుస్తుంది.

ఇందులో నిజం ఫోటో ఒక్కటే. మా ఆడపడుచు ఎవరి మీదా వేలు పెట్టలేదు. పెట్టే మనిషీ కాదు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "ఇంకో గరిటె వేస్తే చెబుతాను వొదినా" అనే రకం. ఫోరెన్సిక్ ల్యాబులో ఉద్యోగం ఆమెకు ఆ అలవాటు చేసిందో, ఆ అలవాటు చూసి ల్యాబువాళ్ళు ఉద్యోగం ఇచ్చారో నాకు తెలియదు. లైటూ లేదు, ఏడుపూ లేదు. అన్నిటికన్నా నాకు మండేది, అందరూ వదిలేసే ముక్క ఒకటుంది. అసలు మనిషి దొరికేలోపు వీళ్ళంతా కలిసి మా అప్పను హంతకురాలిని చేసి కూర్చోబెట్టారు.

అప్ప అంటే నా తోడబుట్టింది కాదు. నాలుగిళ్ళ అవతల ఉంటుంది. పాలకొండ వైపు మనిషి. నేను విజయనగరం నుంచి డిగ్రీ పట్టా పట్టుకుని ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు, బెంగాలీలో కూరగాయల బేరం ఎలా ఆడాలో నేర్పింది ఆవిడే. ఆవిడ గొంతు వర్క్‌షాపు సైరన్‌తో పోటీ పడుతుంది. నా గొంతు సంగతి నేను చెప్పుకోకూడదు. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే కొత్తగా వచ్చిన బెంగాలీవాళ్ళు కొట్టుకుంటున్నామేమో అని కిటికీలు తెరిచి చూసేవారు.

టీచరమ్మ ఆ అప్పకు ఆడపడుచు. మొగుడి అక్క. వాళ్ళింట్లోనే ఉండేది. రైల్వే క్వార్టర్ల దగ్గర ఒకప్పుడు నడిచిన తెలుగు బడిలో పాఠాలు చెప్పింది. బడి మూతపడినా ఆవిడ చెప్పడం మానలేదు. శుభలేఖ ఇస్తే చదివి, తప్పుల కింద గీతలు గీసి తిరిగి ఇచ్చేది. మా ఆడపడుచుకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. "నీకు తెలుగు రాదు గానీ, కప్పల్ని కోసుకుని బతుకుపో" అని దీవించిందీ ఆవిడే. చలికాలం కొత్త ఖర్జూర బెల్లం రాగానే చిన్న కుండతో మా గుమ్మంలోకి వచ్చేది.

"ఇది నీకే. నీ నోటికి తీపి తగలాల. మొగుడికి పెట్టకు, ఆడు ఉత్తినే మెత్తటోడు."

ఆవిడంటే నాకు అప్పుడూ ఇష్టమే, ఇప్పుడూ ఇష్టమే. ఆవిడకున్న జబ్బల్లా ఒకటే కథను పదే పదే చెప్పడం.

కొత్త సంవత్సరం కృతజ్ఞతా కూడికలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. గడిచిన ఏడాది దేవుడు చేసిన మేలు చెప్పాలి. టీచరమ్మకు ఏటా ఒకటే మేలు. అమ్మా నాన్నా పోతే తమ్ముణ్ణి తను పెంచడం. "పెద్ద క్లాసులకొచ్చినా వీడు పక్క తడిపేవోడండీ. ఈ చలిలో ఆ దుప్పట్లు ఉతికిన చేతులివి. సంబంధం వస్తే, ముందు వీణ్ణి మనిషిని చెయ్యనీ ప్రభువా, అన్నాను." అంటూ రెండు చేతులూ పైకెత్తి చూపించేది. మేమంతా స్తోత్రం అనేవాళ్ళం. పిల్లలు మూతులకు చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ తమ్ముడు, అంటే అప్ప మొగుడు, వయసులో ఉన్నప్పుడు తల వంచుకుని నవ్వేవాడు. జుట్టు నెరిశాక, అక్క లేవడం చూడగానే టీ పేరు చెప్పి బయటికి వెళ్ళిపోయేవాడు. అతను క్యారేజి వర్క్‌షాపులో ఫిట్టరు. నెమ్మదస్తుడు. నాకు వరసకు బావ. ఇన్నేళ్ళలో అతను గొంతు పెంచగా నేను వినలేదు. రిటైరైన రోజు తోటివాళ్ళు దండ వేస్తే, టీచరమ్మ మైకు అడిగి పుచ్చుకుని వచ్చీరాని బెంగాలీలో ఆ దుప్పట్ల కథే చెప్పింది. వర్క్‌షాపంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. దండతో నిలబడి అతనూ నవ్వాడు.

ఆ తర్వాత వచ్చిన క్రిస్మస్ నాడు అప్పకూ టీచరమ్మకూ పెద్ద తగువైంది. వీధి వీధంతా విన్నది ఒక్క మాట. "ఇంకోపాలి ఆ మాటెత్తినావంటే, నానే నిన్ను సంపీసి జైలుకెల్లిపోతాను!" ఏ మాట అని ఎవరూ అడగలేదు. వదినా ఆడపడుచుల తగువుకు అర్థం వెతికే తీరిక ఎవరికుంది?

జనవరి చలిలో ఒక ఉదయం టీచరమ్మ లేవలేదు. పెద్ద వయసు, బలహీనమైన గుండె. డాక్టరుకు అనుమానం రాలేదు. మేం ఆడవాళ్ళం స్నానం చేయించడానికి వెళ్ళాం. నీళ్ళు కాచడానికి పెరట్లోని పొయ్యి అంటించబోతే అది తడిసి ముద్దై ఉంది. బకెట్టు లోపల బంకమట్టి మెత్తి చేసుకునే బొగ్గుల పొయ్యి అది. నీళ్ళు తగిలితే మట్టి జారిపోతుంది. ఎవరూ కడగరు. అప్ప ఏడుస్తూ ఏడుస్తూనే ఆగి తిట్టింది.

"ఏ దరిద్రుడు కడిగినాడే దీన్ని? దసరా ఎల్లాక కూకుని మెత్తుకున్నాను కదే!"

నీళ్ళు గ్యాసు మీద కాచాం. తెల్లచీర కట్టాం. పెట్టె మూసేముందు చుట్టూ నిలబడి ఫోటో తీయించుకోవడం మాలో ఆనవాయితీ. సొంతూళ్ళలో ఉన్న బంధువులకు పంపాలి కదా. ఆ వేళ ప్రతివాళ్ళదీ ఒకటే మాట. "ముఖంలో కళ చూడండి. పెదాలు చూడండి, లత్తుక అద్దినట్టు. ప్రభువులో నిద్రించడమంటే ఇదీ." నేనూ అన్నాను. ఆవిడ చేతుల్ని బైబిలు మీద కట్టింది నేనే.

మా ఆడపడుచు ఆ రోజు ఏదో కోర్టులో సాక్ష్యానికని వేరే జిల్లాకు వెళ్ళి, భూస్థాపన అయిపోయాక వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరం బఠానీలు ఒలుస్తూ కూర్చున్నాం. చర్చి గ్రూపులో వచ్చిన ఫోటో చూసి ఆమె చెయ్యి ఆగింది.

"వొదినా, గోళ్ళు సూసినావా?"

"చూశాను. ఏం?"

"పోయిన మనిషి గోళ్ళు ఇంత ఎర్రగా ఉంటాయేటి?"

"అందరూ మహిమ అన్నారు."

"మహిమ గోళ్ళలోకి రాదు వొదినా. బొగ్గు గాలి వస్తాది."

"చాల్లే. ఈ ఫోన్లు కాకిని కూడా కొంగను చేస్తాయి. కెమెరా మాయ."

"అయితే పక్కన నిలబడినారు, మీ మొహాలెందుకు అలాగ నేవు? నువ్వు చూడు, మాడిన అట్టులాగున్నావు."

నాకు కోపం వచ్చింది. ఆమె చెప్పింది: మూసిన గదిలో బొగ్గులు మండితే రంగూ వాసనా లేని గాలి పుడుతుంది. అది రక్తాన్ని పట్టుకుని వదలదు. మనిషి పోయాక కూడా ఆ ఎరుపు పోదు.

"చలికి బకెట్టు పొయ్యి గదిలో పెట్టుకుని మర్చిపోయారేమో," అన్నాను.

"అలాగైతే పొద్దున్న బకెట్టు గదిలోనే ఉండాల కదా. ఉందా?"

లేదు. రాత్రి గది కాస్త వెచ్చబడ్డాక బకెట్టు పెరట్లో పెట్టేసి పడుకున్నానని అప్ప ఏడుపులోనే చెప్పింది.

మా ఆడపడుచు మిగిలిన బఠానీలు ఒలిచింది. మర్నాడు పోలీసులకు రాసి ఇచ్చింది. తెలిసిన కుటుంబం కాబట్టి ఈ కేసును తను ముట్టుకోనని అందులోనే రాసింది. అంతే ఆమె చేసింది. మెజిస్ట్రేటు అనుమతితో సమాధి తవ్వారు. ప్రభువులో నిద్రించినావిడను లేపుతారా అని సంఘమంతా మా మీద విరుచుకుపడింది. ఆదివారం మా బెంచీ మీద మేమిద్దరమే కూర్చున్నాం. రక్తంలో ఆ గాలి ఉందని తేలింది.

తేలేసరికి సంఘానికి మాట తిరిగింది. అందరికీ క్రిస్మస్ నాటి 'సంపీసి' గుర్తొచ్చింది. మొన్న కళను పొగిడినవాళ్ళే వెళ్ళి పోలీసులకు ఆ మాట రాసిచ్చారు. అప్పను స్టేషనుకు పిలవడం మొదలుపెట్టారు. ఆవిడ గొంతు తగ్గిపోయింది. వీధిలో అరవని అప్పను చూస్తే నాకు భయమేసింది. ఇంటికొచ్చి ఆడపడుచు మీద పడ్డాను.

"నీ వల్లే! ఆ ఫోటో చూడకుండా ఉంటే నీ సొమ్మేం పోయింది? ఇప్పుడు ఆవిడ జైలుకు పోతుంది."

"ఆవిడ సేసిందని నువ్వనుకుంటున్నావా?"

"చస్తే అనుకోను. అరిచేవాళ్ళు చంపరు. అరుపులోనే సగం విషం పోతుంది."

"అది సాక్ష్యం కాదు వొదినా. నువ్వు చూసింది చెప్పు. అనుకున్నది కాదు, చూసింది."

మనిషి ఇంత రాయిలా ఉంటుందా అని అప్పుడు తిట్టుకున్నాను. కానీ ఆ మాటే రెండు రోజులు తల్లో తిరిగి తిరిగి, తడిసిన పొయ్యి దగ్గర ఆగింది.

ల్యాబు నుంచి వచ్చినవాళ్ళలో పెద్ద ఒక బెంగాలీ అమ్మాయి. మా ఆడపడుచుకు పై అధికారో కింద అధికారో ఇద్దరూ చెప్పలేదు. అప్పవాళ్ళ పెరట్లో నేను అడ్డం నిలబడ్డాను.

"బౌదీ, దారివ్వండి," అంది బెంగాలీలో, వదిన వరస కలిపి.

"ఇస్తాను. ముందు పొయ్యి సంగతి వినండి. దీన్ని ఎవరో కడిగారు. పొయ్యి మెత్తుకున్న ఆడది దాన్ని కడగదు. నిప్పు ఆర్పాలంటే బూడిద కప్పుతుంది. జన్మలో పొయ్యి ముట్టనివాళ్ళే నీళ్ళు పోస్తారు."

"కావాలనే పోసి, ఎవరో కడిగారని తిట్టినట్టు నటించవచ్చు కదా?"

"నటించే ఓపిక ఉన్న మనిషి చంపేస్తానని వీధంతా వినేట్టు అరుస్తుందా?"

ఆ అమ్మాయి నవ్వలేదు గానీ రాసుకుంది. నా మాటతో కేసు తేలిందని నేను అనను. అలా చెప్పుకుంటే నేనూ ఆ నీలం లైటువాళ్ళలో చేరతాను. తేల్చింది వాళ్ళ పని. టీచరమ్మ మంచం కింద చాప ఎత్తితే, అప్ప ఎప్పుడూ పొయ్యి పెట్టని చోట, ఎర్రగచ్చు మీద బకెట్టు అడుగంత గుండ్రటి మరక కనిపించింది. సందు వైపు వెంటిలేటరుకు పాత మసి దట్టంగా పట్టి ఉంటుంది. అందులో ఒక చోట గోనెగుడ్డ కుక్కి తీసినట్టు మసి చెరిగిపోయింది. తుప్పు పట్టిన జాలీకి గోనె పీచు చిక్కుకుంది. దాని కింద గట్టు మీద, మసిలో, అరచెయ్యి ముద్ర. ఆ సందులోకి తను వెళ్ళనే లేదని బావ అంతకుముందే చెప్పి సంతకం పెట్టాడు. ముద్ర అతనిది.

అతను ఎవరి కాళ్ళ మీదా పడలేదు. అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెప్పాడట. భార్య నిద్రపోయాక తను బకెట్టు మళ్ళీ గదిలోకి చేర్చడం, ఆమె లేవకముందే తీసి కడగడం, అన్నీ చెప్పాడు. ఎందుకని అడిగితే మాత్రం రిటైర్మెంటు రోజు మైకు సంగతి చెప్పి, "అందరూ నవ్వారు" అని ఊరుకున్నాడట.

అప్పకు స్టేషను చుట్టూ తిరగడం తప్పింది. 'సంపీసి' అని రాసిచ్చినవాళ్ళు చేపల పులుసు గిన్నెలు పట్టుకుని వరసగా వచ్చారు. అప్ప ఒక్కో గిన్నె మూత తీసి వాసన చూసి "ఉప్పెక్కువ" అంది. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆడపడుచు కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది, లోపలికి రావాలో వద్దో తెలియక.

"రా, కూకో. నువ్వు సూడకపోతే నాను ఆయనకి ఇంకా అన్నం ఒడ్డిస్తూ ఉందును," అంది అప్ప. అది మెచ్చుకోలో నిందో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆడపడుచు కూర్చుని, అడక్కుండానే ఒక గిన్నె ఖాళీ చేసింది.

ఆ రోజే అడిగాను, క్రిస్మస్ నాటి తగువు దేని గురించని.

"మరేటుంటాది? ఆ పక్క తడిపిన కత గురించే. నీ తమ్ముడు తల తెల్లబడిపోనాది, ఇంకా దుప్పట్లు ఆరేస్తావేటి అన్నాను. ఆవిడ మూడ్రోజులు నాతో మాటాడనేదు. తర్వాతొచ్చి, నిజమేనే, నాకింకో కత నేకపోయింది, అంది."

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ కొత్త సంవత్సరం కూడికలో టీచరమ్మ ఎప్పటిలాగే లేచింది. పిల్లలు నవ్వడానికి మూతుల మీద చేతులు పెట్టుకున్నారు కూడా. కానీ ఆవిడ చేతులు ఎత్తలేదు. "వీణ్ణి నేను పెంచానని ఇన్నాళ్ళూ చెప్పాను. కాదండీ. ఇప్పుడు నన్ను వీడే పెంచుతున్నాడు," అని కూర్చుంది. కథ లేకపోయేసరికి మేమంతా స్తోత్రం అనడం కూడా మర్చిపోయాం. బావ మగవాళ్ళ వైపు కూర్చుంటాడు. నేను స్తంభం వెనక ఉన్నాను, అటువైపు కనిపించదు.

అప్ప ఇప్పుడు నెలనెలా జైలుకు వెళుతుంది. ఊలు స్వెట్టరు పట్టుకెళ్ళింది, ఎండుచేపలు పట్టుకెళ్ళబోతే గేటు దగ్గరే ఆపేశారు.

"అడిగావా అప్పా? ఆ రోజు కూడికలో ఆవిడన్న మాట విన్నాడేమో?"

"అడగను. ఇన్నానంటే నాను ఓర్సుకోనేను. ఇన్నేదంటే ఆయన ఓర్సుకోనేడు."

అప్ప అడగదు. మా ఆడపడుచేమో, దానికి పరీక్ష లేదు వొదినా అంటుంది. నేను మాత్రం టీ కొట్టువాణ్ణి అడిగాను, మగవాళ్ళ వైపు కూర్చున్న ప్రతివాణ్ణీ అడిగాను. ఒకడు అతను తలుపు దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాడంటాడు, ఇంకొకడు అప్పటికే రోడ్డు మీద ఉన్నాడంటాడు. చీమ చిటుక్కుమన్నా వీధంతా మోసే మా సంఘంలో, ఆ ఒక్క మంచిమాటను ఎవరూ మోసుకెళ్ళి అతనికి చెప్పలేదు. టీచరమ్మ ఆ మాట అని కూర్చున్నప్పుడు, అతను గుమ్మం లోపల ఉన్నాడా, బయట ఉన్నాడా?