పొయ్యిగోడ వెనక లైలాక్

నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ ఊరిలో, వసంతాన చారల బాస్ చేపలు దక్షిణం నుండి ఎప్పుడు తిరిగి వస్తాయో ఫిలొమీనా మెదైరోస్ చెప్పాలి, తక్కినవారు వినాలి. ఆమె ఏనాడూ గాలం పట్టిన మనిషి కాదు. పెళ్ళయిన ఏడాది వంటింటి గోడకు ఆనించి తాను నాటిన లైలాక్ పూలపొదే ఆమెకు ఆధారం. గోడవైపు కొమ్మన మొగ్గ ఊదారంగు తిరిగిందంటే చేపలు నదిముఖాన ఉన్నట్టే. ఆ కబురును ఆమె భర్త జాసింటో, తన తమ్ముడు లీనో నడిపే ఎరల కొట్టుకు మోసుకుపోయేవాడు. గడపలోనే నిలబడి, "మా ఆవిడ చేపల్ని రమ్మందర్రా, వచ్చేశాయి!" అని కేకవేసేవాడు. సముద్రమే తనకు అత్తవారిల్లయినంత గర్వం ఆ గొంతులో.

ఆ ఏడు శీతకాలంలో జాసింటో గుండె జబ్బుపడి పట్నంలో ఆసుపత్రి పాలయ్యాడు. ఫిలొమీనా ఇంటికి తాళం వేసి, పట్నంలోని చెల్లెలి ఇంట చేరింది. మంచు కరిగాక డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, "ఆయన కోరిక కాదనలేను. ఒక్కసారి నది దాకా తీసుకువెళ్ళండి. రెండో ప్రయాణానికి ఆ గుండె ఓర్చుకోదు" అన్నాడు.

"ఖాళీ నీళ్ళు చూపించడానికి నన్ను మోసుకుపోకు, ఫిలో" అన్నాడు జాసింటో. "అవి వచ్చాకే. నువ్వు చెప్పాకే."

ప్రతి ఆదివారం ప్రార్థన ముగిశాక ఆమె ఊరికి వెళ్ళి పొదను చూసి వచ్చేది. మొగ్గలు పిడికిలి విప్పలేదు. ఒక ఆదివారం లీనో ఎదురొచ్చాడు.

"వదినా, అవతలి రేవులో ఎవడో రెండు పట్టాడట. అన్నయ్యను తీసుకొద్దామా?"

"తోక దగ్గర సముద్రపు పేలున్నాయా?"

"నేను చూళ్ళేదు."

"పేలుంటేనే సముద్రం నుంచి కొత్తగా వచ్చినవి, నదినీళ్ళలో అవి రాలిపోతాయి. లేకపోతే చలికాలమంతా నదిలోనే ముసుగుతన్ని పడుకున్న సోమరిపోతులు. మీ కొట్లో కబుర్లకేం, జనవరిలోనూ చేపలొస్తాయి!"

"నీ పొదే ముసుగుతన్నిందేమో, వదినా."

"నోరు ముయ్యి. అదెన్నడైనా తప్పిందా?"

జాసింటో ఎదురుచూశాడు. ఎదురుచూస్తూనే మంచానికి మరింతగా అతుక్కుపోయాడు. ఇక కదిలించే వీలు లేదని డాక్టరు చెప్పిన ఉదయాన, లీనో ఉప్పునీళ్ళ బకెట్‌తో ఆసుపత్రి మెట్లెక్కాడు. అందులో మూరెడైనా లేని చారల చేప తిరుగుతోంది. తోక దగ్గర పేలు.

"ఎప్పుడొచ్చాయి?" అని మెల్లగా అడిగింది ఫిలొమీనా.

"పది రోజులైందట, వదినా. నువ్వు చెప్పలేదని సగం ఊరు గాలమే కట్టలేదు."

ఆమె బకెట్టును మంచం పక్కన పెట్టి, భర్త చేతిని నీళ్ళలోకి దించింది. అతని వేళ్ళు వెన్ను మీదుగా తడుముతూ తోక దాకా పోయి అక్కడ ఆగాయి.

"కొత్తదే" అన్నాడు, కళ్ళు మెరుస్తుండగా. "ఎప్పుడొచ్చాయి?"

"ఇవాళే."

"పొద విచ్చిందా?"

"విచ్చింది."

"చూశావట్రా లీనో? ఎన్నడైనా తప్పిందా మా ఆవిడ?"

"లేదన్నయ్యా" అన్నాడు లీనో, కిటికీవైపు తిరిగి.

"అయితే రేపు తీసుకుపో, ఫిలో."

"అలాగే."

లీనో ఆ చేపను మళ్ళీ నదిలో వదిలివచ్చాడు. తెల్లవారేసరికి జాసింటో లేడు.

ఖననానికి వచ్చిన బంధువులు ఇంటి తాళం తీసి, పొయ్యి రాజేసి, కుండల కొద్దీ ఆకుకూర సూపు కాచారు. కొన్నాళ్ళు ఆ పొయ్యి ఆరలేదు. అందరూ వెళ్ళిపోయిన ఉదయాన ఫిలొమీనా అంట్లు తోముతుండగా కిటికీలోంచి పూల వాసన వచ్చింది. చేతులైనా తుడుచుకోకుండా ఇంటి వెనక్కు వెళ్ళింది.

గోడను తాకుతున్న కొమ్మలు నిండుగా పూశాయి. దూరంగా ఉన్నవి ఇంకా మొగ్గలే. ఆమె ఇటుకల మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉన్నాయి. వాటి వెనకనే పొయ్యి. ఏటా చలికాలమంతా అందరికన్న ముందు లేచి జాసింటో రాజేసే పొయ్యి. ఈ ఏడు దాన్ని రాజేసేవాడే లేకపోయాడు.

"వదినా," లోపలినుండి లీనో పిలిచాడు. "పొయ్యి ఆర్పేయనా?"

"వద్దు" అన్నది ఫిలొమీనా, గోడమీది చెయ్యి తీయకుండానే. "ఉండనీ."