చదివే వేశారా

సాయంత్రం నాలుగూ పదికి కప్పుడు పాలు పొయ్యి మీద పెట్టాను. అవి కాగేలోపే ఫోన్లో మెయిల్ వచ్చింది. మా వ్యాసాన్ని అచ్చుకు తీసుకున్నామని ఒక ఆర్థికశాస్త్ర పత్రిక వాళ్ళు రాశారు. మా అంటే నాదీ, నా భార్యదీ. ఇద్దరం తిరువూరులో డిగ్రీ పిల్లలకు ఆ సబ్జెక్టే చెప్పేవాళ్ళం. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమె పేరు అచ్చులో పడడానికి మిగిలింది ఆ ఒక్క వ్యాసమే.

పత్రిక మంచిదో కాదో తేల్చుకోవడానికి మాకో పద్ధతి ఉండేది. ర్యాంకులూ, ఆమోదించిన జాబితాలూ తర్వాత. ముందు పాత సంచికల్లో మాకు తెలిసిన పంట మీద వ్యాసం ఒకటి వెతికేవాళ్ళం. ఆమె వరండాలో కూర్చుని పైకి చదివేది, నేను బీరకాయలు చెక్కు తీస్తూ వినేవాణ్ణి. ఆమె పుట్టిల్లు ఎ.కొండూరు దగ్గర, మామిడి తోటల మధ్య. ఒకసారి చదువుతూ ఆగిపోయింది.

"కార్తీకమాసంలో మామిడికాయలు కోయించారండీ ఈయనగారు. ఇంకో పేజీ తిప్పితే ఆవకాయ కూడా పెట్టేస్తారు."

నవ్వడం అయ్యాక, ఇది ఎవరైనా చదివే వేశారంటారా అని అడిగింది. ఆ పత్రికకు మేమేమీ పంపలేదు.

రైతులు తోటను పూత మీదే వ్యాపారికి ఎందుకు అమ్ముకుంటారన్నది మా వ్యాసం. అందులో ఒక లోటుంది. అమ్మినవాళ్ళనే అడిగాం, కాయ దాకా ఆగినవాళ్ళను అడగలేదు. దాంతో మా ముగింపు సగమే. వాళ్ళ దగ్గరికి వెళ్ళేలోగా ఆమెకు జబ్బు చేసింది. ఆసుపత్రిలో కూడా ఆ మాటే అంది.

"మంచి పత్రికయితే ముందు ఇదే అడుగుద్దండీ. అడక్కపోతే చదవనట్టే."

ఆమె పోయాక వ్యాసాన్ని ఉన్నదున్నట్టే నేను పంపాను. మెయిల్ కింద పరిశీలకుల అభిప్రాయం ఒక్క వాక్యం. వ్యాసం చాలా బాగుందట.

తోటి లెక్చరర్ ఫోన్ చేస్తే సంగతి చెప్పాను. జాబితాలో ఉన్న పత్రికేనన్నాడు. "మేడమ్ గారి పేరు అచ్చులో చూసుకోవచ్చు కదా సార్" అన్నాడు. నాకూ చూసుకోవాలనే ఉంది.

మర్నాడు పొద్దున, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రాసి పంపాను. ఆగిన రైతులు పెనుగొలను వైపు కొందరున్నారు. వెళ్ళి అడగాలి. ఇంకా వెళ్ళలేదు.

పాత సంచికలు వరండాలోనే ఉన్నాయి. మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఏదీ పైకి చదవరు.