బోర్లించిన గ్లాసు

వీధి చివర నుంచి కల్లు వాసన తేలివస్తోంది. పుల్లగా, కాస్త తీయగా, సగం నిద్రలో ఎవరో పిలిచినట్టు. ఈ రోజు మా ఊళ్లో ముత్యాలమ్మ బోనాలు. ఆ వాసన తగిలితే చాలు, నాకు మా జీవశాస్త్రం చెప్పిన సుగుణ టీచర్ గుర్తొస్తారు. ఆమె కల్లు చుక్క ముట్టని మనిషి, కల్లు వాసనకు తాను గుర్తొస్తున్నానని తెలిస్తే నన్ను తిట్టిపోసేవారేమో.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కల్వకుర్తి దగ్గరి మా ఊరి బడిలో తొమ్మిదో తరగతి. మత్తు గురించి పిల్లలకు చెప్పమని పైనుంచి పుర్రె బొమ్మల పోస్టర్లు వచ్చాయి. టీచర్ వాటిని గోడకు అంటించి మళ్లీ అటు చూడలేదు. ఒక మధ్యాహ్నం, కిటికీ వెలుగులో సుద్దపొడి మెల్లగా తిరుగుతుండగా, కొంగు నడుముకు చుట్టి, స్టీలు గ్లాసులో నీళ్లు పోసుకుని, ఊగుతూ నా ముందుకొచ్చారు.

"ఇప్పుడు నేను మీ మేనమామను. తాగు అల్లుడా, నా మీద ఒట్టు!"

"వద్దు మామా."

"ఏందిరా, మామ పోస్తే వద్దంటవా? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తవా?"

తరగతంతా పడీపడీ నవ్వింది. నేను నీళ్లు గటగటా తాగేశాను. టీచర్ అలాగే ఒక్కొక్కరి ముందుకూ వెళ్లారు. ఆ రోజు వద్దని గెలిచినవాళ్లు ఒక్కరూ లేరు, అందరి కడుపులూ నీళ్లతో నిండాయి. నవ్వులు ఆగాక టీచర్ కుర్చీలో కూలబడ్డారు.

"చూసిండ్రా? దుష్మన్ పోస్తే ఎవలైనా వద్దంటరు. మనోళ్లు ప్రేమతోని పోస్తరు. గందుకే కష్టం. మా తమ్మునికి వద్దనుడు రాకపాయె." చేతిలోని గ్లాసును బల్ల మీద బోర్లించారు. "నోరు రాకుంటే గ్లాసు బోర్లించుండ్రి. గంతే." తమ్ముడి గురించి ఆమె మళ్లీ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

అందరికీ ఆ ఆటలో మేనమామ కనిపించాడు. నాకు మాత్రం బాపు చేతులు కనిపించాయి. కల్లులో ఏదో మందు కలిపేవారట. పొద్దున్నే సీసా దొరకకపోతే ఆయన చేతులు వణికేవి, చాయ్ తొణికి చొక్కా మీద పడేది. చిన్నప్పుడు నన్ను భుజాలకెత్తుకుని జాతర చూపించిన చేతులవి. నావీ అలాగే అవుతాయేమోనని నాకు చాలా భయంగా ఉండేది.

ఆ ఏడు బోనాలకు, అమ్మవారి ముందు సాకగా కల్లు పోశాక, బాపు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నా ముందు ఖాళీ గ్లాసు పెట్టి సీసా ఎత్తాడు. చుట్టూ మా పాలోళ్లు, పెదనాన్నలూ చిన్నాన్నలూ, దూరంగా డప్పుల చప్పుడు.

"అమ్మవారి ప్రసాదం బిడ్డా. జర నోట్లె పోసుకో, ఒక్క గుటుకకు ఏమైతది?"

ఆయన కళ్లనిండా ప్రేమే. నాకు నోరు రాలేదు. గ్లాసు బోర్లించాను.

"నీ కొడుకే నీ మాట ఇంటలేడు!" అని ఎవరో నవ్వారు. బాపు నవ్వలేదు. ఎత్తిన సీసా కింద పెట్టాడు.

"ఎవలు నేర్పిండ్రు బిడ్డా?"

"సుగుణ టీచర్, బాపూ."

"నాకెవలు నేర్పలే," అన్నాడు మెల్లగా, తన గ్లాసులోకి చూసుకుంటూ.

బాపు తాగుడు మానలేదు. కానీ ఆ తర్వాత ప్రతి పండక్కీ ముందు నా గ్లాసు తానే బోర్లించి, అప్పుడే తనది నింపుకునేవాడు. ఎవరైనా నా వైపు సీసా వంచితే "వానికొద్దు" అంటూ చేయి అడ్డం పెట్టేవాడు. ఆ చేయి వణుకుతూనే ఉండేది. నేను గ్లాసు బోర్లించిన సంగతి చెప్పేలోపే టీచర్‌కు నారాయణపేట వైపు బదిలీ అయింది. ఆమె ఇచ్చింది మాత్రం నా చేతుల్లోనే ఉండిపోయింది. అవి ఇప్పటికీ వణకవు.

బయట డప్పులు మొదలయ్యాయి. బాపు పోయాక ఇదే మొదటి పండుగ. అమ్మ ఎప్పటిలాగే నాదీ బాపుదీ రెండు గ్లాసులూ కడిగి అరుగు మీద పెట్టింది. రెండూ బోర్లించే ఉన్నాయి.